మైసూరు రాజ్యాంగ పరిషత్తు

మా పావగడ తాలూకా కన్నడ రాజ్యములోనిదయ్యును, చాలవరకు ఆంధ్రదేశపు గ్రామములచే చుట్టబడియున్నది. ఇంట తెనుగు మాటాడి, కచేరీలో కన్నడమున అర్జీ నిచ్చుట మాకు తరతరముల అలవాటు. చట్టసభల చరిత్ర మావంటివారికి దూరపు కథగా తోచవచ్చును. కాని నేడు మేము చెప్పుకొను హక్కులకు మూలము అందే కలదు. ఐదేండ్లైనను నిండని యొక సభను గూర్చి యిచట ముచ్చటింతుము.

మైసూరు సంస్థానమున 1881లో దివాన్ రంగాచార్లుగారు ప్రజాప్రతినిధి సభను నెలకొల్పిరి. తొలి సభకు 144 మంది సభ్యులు. వారు ప్రజల కష్టములు విన్నవింపవచ్చును. శాసించు అధికారము మాత్రము లేకుండెను. విన్నపమునకును హక్కునకును గల యంతరమును ప్రజలు క్రమముగా గ్రహించిరి. గౌరిబిదనూరు తాలూకా విదురాశ్వత్థమున 1938 ఏప్రిల్ 25న జెండా నెగురవేయ గూడిన జనముపై పోలీసులు కాల్పులు జరుపగా అనేకులు నేలకొరిగిరి.

1947 ఆగస్టులో దేశము స్వతంత్రమయ్యెను. మైసూరు భారతదేశమున చేరెను. అయినను బాధ్యతాయుత ప్రభుత్వము రాలేదు. సెప్టెంబరులో 'మైసూరు చలో' ఉద్యమము లేచెను, చెరసాలలు నిండెను. అక్టోబరులో మహారాజు జయచామరాజ ఒడయరు సమ్మతింపగా, కోలారు సీమవారగు కె. చెంగలరాయరెడ్డిగారు తొలి ముఖ్యమంత్రియైరి. మైసూరునకు రాజ్యాంగము వ్రాయుటకై పరిషత్తు ఏర్పడెను.

ఇచటనే విశేషము కలదు. 1848లో జర్మనీ విప్లవకాలమున ఫ్రాంక్‌ఫర్టులో కూడిన జాతీయసభ రాజ్యాంగమును వ్రాసెను. ప్రష్యారాజు కిరీటమును నిరాకరింపగా ఆ గ్రంథము నిష్ఫలమయ్యెను. మన పరిషత్తు తాను వేరు రాజ్యాంగము వ్రాయుటయే మానుకొని, భారత రాజ్యాంగమునే స్వీకరింపుమని సిఫారసు చేసెను. 1949 నవంబరు 25న మహారాజు అట్లే ప్రకటించిరి. డిసెంబరు 16న పాతసభలు రద్దుకాగా, పరిషత్తే తాత్కాలిక శాసనసభగా నిలిచెను. 1952 జూన్ 18న బెంగళూరులో ఎన్నికైన కొత్త శాసనసభ తొలిసారి సమావేశమయ్యెను. అంతటితో పరిషత్తు చరిత్ర ముగిసెను.

తన పేరు నిలుపుకొను గ్రంథమును విడనాడుట ఏ సభకైనను సులభముకాదు. ఆ త్యాగఫలము మావంటి సరిహద్దువారికి దక్కెను. 1956లో రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణము జరిగినను పావగడ మైసూరుననే యుండెను. 1973లో ఆ రాష్ట్రమే కర్ణాటకమయ్యెను. మేము ఏ రాష్ట్రమున నున్నను, మా భాషను కాపాడుకొను హక్కును 29వ అధికరణము, పాఠశాలలు స్థాపించుకొను హక్కును 30వ అధికరణము ఇచ్చుచున్నవి. బాలురకు ప్రాథమిక విద్య మాతృభాషలో నేర్పు వసతులు కల్పింపవలెనని 1956లో చేర్చిన 350-ఎ అధికరణము చెప్పుచున్నది.

రంగాచార్లుగారి సభలో మన పెద్దలు విన్నవించుకొనిరి. నేడు మనము హక్కుగా అడుగవచ్చును. కాని అడుగువారు లేనిచో హక్కు కాగితముననే యుండును. మన బిడ్డలు తెనుగు అక్షరములు మరచిపోకుండ చూచు భారము ఆ పరిషత్తుది కాదు; మనది.