పిల్లల '1984', మన ఎమర్జెన్సీ, స్నేహలతా రెడ్డి

మా అమ్మాయి ఈ ఏడాది హైస్కూల్ ఇంగ్లీషు క్లాసులో జార్జ్ ఆర్వెల్ నవల '1984' చదువుతోంది. అమెరికాలో చాలా స్కూళ్లలో ఇది మామూలే, మీ ఇంట్లోకీ వచ్చే ఉంటుంది. 1949లో అచ్చయిన ఈ కథలో ప్రభుత్వం గోడమీది తెరలోంచి మనుషుల్ని కనిపెట్టి ఉంటుంది, పాత పేపర్లలో వార్తల్ని కూడా మార్చేస్తుంది. ఆర్వెల్ పుట్టింది బీహార్‌లోని మోతీహారిలో అంటే పిల్ల ఆశ్చర్యపోయింది. "మరి ఇండియాలో ఎప్పుడైనా ఇలా జరిగిందా అమ్మా?" అంది.

క్లాసులో స్టాలిన్, హిట్లర్ గురించి చెబుతారు. మన దగ్గర అంటే 1975 జూన్ 25 రాత్రి మొదలై 1977 మార్చి 21 దాకా సాగిన ఎమర్జెన్సీ. బీయస్సీలో మాకు ముందు నిర్వచనం రాయమనేవారు, ఆ అలవాటు పోలేదు. టోటలిటేరియన్ అన్న మాట 1920లలో ముస్సోలినీ ఇటలీలో పుట్టింది. ఒకే పార్టీ, ఒకే సిద్ధాంతం. చదువు, కళ, కుటుంబం అన్నీ రాజ్యం గుప్పిట్లోనే. ఆ కొలతకు ఎమర్జెన్సీ పూర్తిగా తూగదు. చివరికి ఎన్నికలు జరిగాయి, ఓడిన ప్రభుత్వం దిగిపోయింది. కానీ పత్రికలకు సెన్సారు, కారణం చెప్పకుండా అరెస్టు, అడిగే దిక్కు లేకపోవడం మాత్రం అచ్చం నవల్లోలాగే ఉన్నాయి.

పిల్లకు నేను చెప్పింది స్నేహలతా రెడ్డి గురించి. ఆంధ్రలో పుట్టి బెంగళూరులో స్థిరపడిన నటి. 1970లో వచ్చిన కన్నడ సినిమా 'సంస్కార'లో చంద్రి పాత్ర ఆమెదే. ఆ సినిమా తీసిన ఆమె భర్త పట్టాభిరామరెడ్డి మన నెల్లూరు వారు, 'ఫిడేలు రాగాల డజన్' కవి. ఆయన న్యూయార్క్ కొలంబియా యూనివర్సిటీలో చదువుకున్నారు కూడా. అజ్ఞాతంలో ఉన్న సోషలిస్టు నాయకుడు జార్జ్ ఫెర్నాండెజ్ ఈ దంపతులకు స్నేహితుడు.

1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు, ఎమర్జెన్సీలో నిర్బంధం అక్రమమని కోర్టుకు వెళ్లే హక్కు పౌరులకు లేదని 4-1 మెజారిటీతో తీర్పిచ్చింది. కాదన్న ఒక్కరు జస్టిస్ ఖన్నా. ఆ తీర్పు వచ్చి వారం తిరక్కుండానే స్నేహలతను పట్టుకెళ్లారు. బరోడా డైనమైట్ కేసు అన్నారు గానీ, తర్వాత వేసిన ఛార్జిషీటులో ఆమె పేరే లేదు. అయినా విచారణ లేకుండా మీసా చట్టం కింద బెంగళూరు సెంట్రల్ జైల్లోనే ఉంచేశారు.

ఆమెకు చాలాకాలంగా ఆస్తమా. ఇంట్లో ఆస్తమా మనిషి ఉన్నవాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు. శ్వాసనాళాలు ముడుచుకున్నప్పుడు మందు చేతికి అందాలి, గాలి ఆడాలి. చిన్న గదిలో ఒంటరిగా, సరైన వైద్యం లేకుండా ఎనిమిది నెలలు గడిపారు. ఆ స్థితిలోనూ తోటి ఖైదీ ఆడవాళ్ల కోసం జైలువాళ్లతో పోరాడారు, డైరీ రాశారు. ఆరోగ్యం పూర్తిగా దెబ్బతిన్నాక 1977 జనవరి 15న పెరోల్ మీద వదిలారు. 18న ఎన్నికలు ప్రకటించారు. 20న ఆమె పోయారు. వయసు 44, 45 ఉంటుందంతే. ఆ డైరీ అదే ఏడాది పుస్తకంగా వచ్చింది. నవల చదివే పిల్లలకు దాన్నీ చదవమని ఇవ్వొచ్చు.

ఆ రోజుల్లో అమెరికాలోని మనవాళ్లు కొందరు 'ఇండియన్స్ ఫర్ డెమోక్రసీ' పేరుతో నిరసనలు చేశారు. మరి ఆంధ్రలో? మా పెద్దవాళ్లను అడిగితే రైళ్లు టైముకు వచ్చేవంటారు, అంతే. హైదరాబాద్ ముషీరాబాద్ జైల్లో 1975 డిసెంబర్ 1న భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరి తీసింది ఆ కాలంలోనేనని ఎవరూ తలుచుకోరు. ఉత్తరాది అంతా కాంగ్రెస్‌ను ఓడించిన 1977 ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్ 42 సీట్లలో 41 కాంగ్రెస్‌కే ఇచ్చింది. బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల దెబ్బ ఉత్తరాదిలో తగిలినంతగా మనకు తగల్లేదు, అందుకే కాబోలు.

మిగిలిన ఆ ఒక్క సీటు నంద్యాల. జనతా పార్టీ తరఫున గెలిచిన నీలం సంజీవరెడ్డి అదే ఏడాది జులైలో రాష్ట్రపతి అయ్యారు. ఎమర్జెన్సీలో కూడా ప్రాణానికీ స్వేచ్ఛకూ ఉన్న హక్కును ఎవరూ నిలిపివేయకుండా చేసిన 44వ రాజ్యాంగ సవరణ ఆయన సంతకంతోనే చట్టమైంది.