స్టేడియం గోడను అంటిపెట్టుకున్న కొట్లు

బ్యాంకాక్ వెళ్లిన మనవాళ్లు సంచులు నింపుకొచ్చేది ఎక్కువగా ఎంబీకే మాల్ నుంచో, ప్రతునామ్ బజారు నుంచో. ఎంబీకేకి వెళ్లాలంటే బీటీఎస్ రైలు దిగాల్సిన స్టేషన్ పేరు నేషనల్ స్టేడియం. పేరు చదివి దిగుతారు, నేరుగా మాల్లో దూరిపోతారు. పక్కనే ఉన్న అసలు స్టేడియం వైపు తల తిప్పేవాళ్లు తక్కువ. జెర్సీలు, బూట్లు కావలసినవాళ్లకు నగరంలో పాత అడ్డా మాత్రం ఆ గోడ చుట్టుపక్కల వీధులే.

అక్కడ మొదట ఉన్నది రాజభవనం. యువరాజు వజిరున్హిస్ కోసం తండ్రి చులలాంగ్‌కార్న్ రాజు ఇంగ్లండు కోటల తీరులో కట్టించిన ఆ భవనానికి విండ్సర్ ప్యాలెస్ అన్న పేరు పడింది. యువరాజు 1895లో పదహారేళ్లకే పోయాడు. తర్వాతి కాలంలో అది చులలాంగ్‌కార్న్ విశ్వవిద్యాలయం చేతికొచ్చింది. 1932లో రాజు పెత్తనం పోయింది. గద్దెనెక్కినవాళ్లకు రాజభవనం కంటే పరుగుపందేల ట్రాకే ముఖ్యమనిపించింది. వ్యాయామంతో జాతిని దిట్టం చేయాలన్నది వాళ్ల పట్టుదల. 1935లో ప్యాలెస్‌ను పడగొట్టి, అక్కడే స్టేడియం కట్టారు. 1938 కల్లా పోటీలు మొదలయ్యాయి. దానికి పెట్టిన పేరు సుపచలాసై. ఆ పేరు గలాయన రాజు కాదు, విప్లవంలో పాల్గొన్న నౌకాదళ అధికారి, వ్యాయామ విద్యాశాఖ తొలి అధిపతి.

1966లో ఆసియా క్రీడలు ఈ నగరానికొచ్చాయి. 1970 క్రీడలకు సియోల్ చేతులెత్తేసింది, 1978 క్రీడలకు పాకిస్తాన్ తన వల్ల కాదంది. రెండుసార్లూ, ముహూర్తం దగ్గర పడ్డాక పెళ్లికి తన వాకిలి ఇచ్చిన పొరుగింటివాడిలా బ్యాంకాకే ఆదుకుంది. ఆ 1970 క్రీడల్లోనే భారత ఫుట్‌బాల్ జట్టు జపాన్‌ను ఓడించి కాంస్యం తెచ్చుకుంది. కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్, ముందువరుసలో ఆడిన మహమ్మద్ హబీబ్ ఇద్దరూ హైదరాబాదీలే. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు ఆ తర్వాత పతకం లేదు.

స్టేడియం ఉంటే ఈలలు కావాలి, బంతులు కావాలి, జట్టు మొత్తానికీ ఒకే రంగు చొక్కాలు కావాలి. పక్కనున్న రామా-1 రోడ్డు కొట్లు బతికింది ఆ గిరాకీ మీదే. చొక్కా వెనక అంకె, పేరు అచ్చు వేయించడం అక్కడ మామూలు పని. అయితే ఆ నేల విశ్వవిద్యాలయానిది. స్టేడియం కూడా ఆ నేలమీదే ఉంది. కొట్లవాళ్లది అద్దె బతుకు. విశ్వవిద్యాలయం చుట్టుపక్కల పాత కొట్ల వరసలను తీసేయించి కొత్త కట్టడాలు లేపుతూ వచ్చింది. వాటిలో స్టేడియం వన్ అనే ఆటసామాన్ల సముదాయం ఒకటి. మెరుగు పెరిగిన మాట నిజమే గానీ, పాత వరసల సందడి అద్దాల గదుల్లోకి రావడం కష్టం.

ముయే థాయ్ బాక్సింగ్ కథ వేరు. రాజదమ్నర్న్ స్టేడియం పని 1941లో మొదలై, యుద్ధంతో ఆగి, 1945 డిసెంబరులో తెరుచుకుంది. పైకప్పు మాత్రం 1951లో వేశారు. అప్పటిదాకా వాన దయ. 1956లో సైన్యం ఆధ్వర్యంలో లుంపినీ స్టేడియం వచ్చింది. దాని ముందు కొట్లలో వేలాడేవి శాటిన్ నిక్కర్లు. మోకాలు ఛాతీదాకా లేవాలి కనుక కాళ్ల దగ్గర వెడల్పు, పక్కన చీలిక. నడుముకు అరచేతి వెడల్పు ఎలాస్టిక్, ముందు థాయ్ లిపిలో పెద్ద అక్షరాలు. కుట్టించుకునేవాళ్లు తమ పేరే పెట్టించుకుంటారు. 2014లో ఆ స్టేడియాన్ని ఊరి ఉత్తరాన రామ్‌ఇంట్రాకు తరలించారు. పోటీలు చూసి నడుచుకుంటూ కొట్లోకి వెళ్లే రోజులు అక్కడితో సరి.

తూర్పున హువామాక్‌లో 1998 ఆసియా క్రీడల కోసం రాజమంగళ స్టేడియం లేచింది. మన కరణం మల్లీశ్వరి వెయిట్‌లిఫ్టింగ్‌లో వెండి పతకం తెచ్చింది ఆ క్రీడల్లోనే. ఆ స్టేడియానికి దగ్గర్లో, రామ్‌ఖంహేంగ్ రోడ్డు మీద థాయ్ కంపెనీ ఎఫ్‌బీటీ పెద్ద దుకాణం ఉంది. ఈ కంపెనీ బంతులు, జెర్సీలు రెండూ తానే తయారుచేస్తుంది.