ఓడ టికెట్టు ఎవరి ఖర్చు?



మన నగర్తపేటలో కడప, రాయచోటి వైపు చుట్టాలున్న ఇళ్లు చాలా ఉన్నాయి. "విజిట్ వీసా మీద కువైట్ పోతే చాలు, పని అక్కడే దొరుకుతుంది" అనే మాట మన చెవిన పడుతూనే ఉంటుంది. అట్లా వద్దు, రెండేళ్ల ఒప్పందం మీద సక్రమంగా పొమ్మని మనం చెబుతాం. మంచి మాటే. కానీ ఒప్పందం కాగితం ఒక్కటే మనిషిని కాపాడుతుందా?

నూరేళ్ల కిందట మనవాళ్లు మలయా రబ్బరు తోటలకు పోయారు. తీసుకుపోయేవాడు కంగాణి. తమిళ బడిలో చదివినవాణ్ణి గనుక చెబుతున్నా, కణ్‌గాణి అంటే కంట కనిపెట్టి చూసేవాడు, మన మేస్త్రీ లాంటివాడు. దారి ఖర్చు తాను పెట్టి కూలీ పేరున అప్పు రాసేవాడు. ఆ అప్పే సంకెల.

1907లో అక్కడ తమిళ వలస నిధి పెట్టారు. పేరు తమిళమే అయినా తెలుగు కూలీలకూ అదే నిధి. తోటల యజమానులు సుంకం కట్టాలి, ఆ డబ్బుతో కూలీకి ఓడ టికెట్టు ఉచితం. ఆవడి, నాగపట్నం డిపోల నుంచి జనాన్ని పంపేవారు. తర్వాత నెల నోటీసు ఇచ్చి తోట మారే హక్కూ వచ్చింది. కష్టాలు తీరలేదు గానీ అప్పు సంకెల వదులైంది. 1922 వలస చట్టంతో మన ప్రభుత్వానికీ అధికారం వచ్చింది. అక్కడ కూలి తగ్గించినప్పుడు, 1938లో కూలీలను పంపడమే ఆపేసింది.

ఇప్పుడు 1983 చట్టం ఉంది. లైసెన్సు ఉన్న ఏజెంటు 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. ఊళ్లలో సబ్ ఏజెంట్లు లాగేది దానికి ఎన్నో రెట్లు. అప్పుతో పోయినవాడు జీతం అందక కఫీల్‌ను వదిలి బయటపడితే, సక్రమంగా పోయినవాడే ఖల్లివల్లి అయిపోతాడు. 2018లో కువైట్ క్షమాభిక్ష ప్రకటిస్తే, జరిమానా లేకుండా తిరిగొచ్చిన వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. ఖతార్ 2020లో యజమాని అనుమతి లేకుండా పని మారనిచ్చింది. దారి అదే.

కాబట్టి మీ ఇంట్లో ఎవరైనా బయలుదేరుతుంటే మూడు సంగతులు అడగండి. టికెట్టు ఎవరు కొంటున్నారు? పని మారే వీలుందా? ప్రవాసీ భారతీయ బీమా చేయించారా? ఏజెంటు లైసెన్సు ఈ-మైగ్రేట్‌లో చూడవచ్చు. చూడటం రాకపోతే కాగితాలు సంఘానికి తీసుకురండి, కూర్చుని చూద్దాం. డబ్బు కట్టాక కాదు, కట్టకముందే రండి.