కింగ్ వారసత్వం: సేవా, పోరాటమూ

ఏటా జనవరి మూడవ సోమవారం అమెరికాలో మార్టిన్ లూథర్ కింగ్ పేరిట జాతీయ సెలవుదినం. 1983లో దానికి చట్టం చేశారు. 1986లో మొదటిసారి జరిపారు. 1994లో వచ్చిన మరొక చట్టం ఆ రోజును సేవాదినంగా కూడా ప్రకటించింది. ఆనాడు జనం బడిగోడలకు రంగులు వేస్తారు, పేదలకు అన్నం పెడతారు, పేటలు శుభ్రం చేస్తారు. దీన్ని చూసి అభ్యుదయవాదుల్లో కొందరు పెదవి విరుస్తారు. పోరాటయోధుణ్ణి పాలకవర్గం ధర్మాత్ముణ్ణి చేసి, పటం కట్టి గోడకు తగిలించిందని వారి ఆక్షేపణ. అందులో నిజం లేకపోలేదు. కాని అది సగం నిజమే. కింగ్ నడిపిన ఉద్యమంలో నిత్యసేవకు ఏ స్థానం ఉండేదో పరిశీలిస్తే తక్కిన సగం బోధపడుతుంది.

1955 డిసెంబరు 1న, అలబామా రాష్ట్రంలోని మాంట్‌గొమరీ నగరంలో, బస్సులో తెల్లవాడికి చోటు ఖాళీ చేయనందుకు రోజా పార్క్స్‌ను అరెస్టు చేశారు. ఆ రాత్రే జో యాన్ రాబిన్సన్ అనే కళాశాల అధ్యాపకురాలు, ఒక సహోద్యోగి, ఇద్దరు విద్యార్థులు కలిసి వేలకొద్దీ కరపత్రాలు సైక్లోస్టైల్ చేశారు. డిసెంబరు 5న మొదలైన బస్సుల బహిష్కరణ 381 రోజులు సాగింది. అప్పటికి కింగ్ 26 ఏళ్ళ చర్చి పాస్టరు. ఆయన ఉపన్యాసాలు లోకమంతా ఎరుగును. అయితే రాత్రి ఉపన్యాసం విన్న మనిషి తెల్లవారి పనికి పోవాలి గదా! అందుకని సుమారు 300 కార్లు సమకూర్చుకుని, నగరమంతటా మజిలీలు ఏర్పరచి జనాన్ని చేరవేశారు. పెట్రోలుకు డబ్బెక్కడిది?

కొంత డబ్బు వంటిళ్ళ నుంచి వచ్చింది. జార్జియా గిల్మోర్ వంటమనిషి. 1956లో కింగ్ మీద నడిచిన కేసులో సాక్ష్యం చెప్పి ఉద్యోగం పోగొట్టుకుంది. ఆమె కూడగట్టిన స్త్రీలు కోడిమాంసమూ కేకులూ వండి అమ్మి, ఆ సొమ్ము ఉద్యమసభల్లో ఇచ్చేవారు. ఎక్కడిదని అడిగితే ‘ఎక్కడిదీ కాదు’ అనేవారు. వారి బృందానికి ఆ పేరే నిలిచింది. ఆ మాటలో హాస్యం ఉంది, జాగ్రత్తా ఉంది: పేర్లు బయటపడితే యజమానులు పనిలోనుంచి తీసేస్తారు. 1956 నవంబరు 13న నగరపాలకులు కోర్టుద్వారా ఆ కార్ల ఏర్పాటును ఆపించారు. సరిగ్గా అదేరోజు, బస్సుల్లో వర్ణవివక్ష చెల్లదన్న తీర్పును సుప్రీంకోర్టు ఖాయపరచింది. తీర్పు కోర్టుదే, కాని అది వచ్చేదాకా జనాన్ని నిలబెట్టింది ఆ వంటిళ్ళూ ఆ కార్లూ.

దక్షిణ కరోలినాలో మరొక ఉదాహరణ. అక్కడ ఓటరుగా నమోదు కావాలంటే రాజ్యాంగభాగం చదివి వినిపించాలి. అక్షరం రానివాడికి ఓటు లేదు. 1957 జనవరిలో జాన్స్ దీవిలో ఒక సహకార దుకాణం వెనకగదుల్లో వయోజనుల రాత్రిబడి వెలసింది. ముందు సరుకుల కొట్టు, వెనక బడి: తెల్లవారి కంట పడకుండా ఈ ఏర్పాటు. చదువు చెప్పింది బెర్నీస్ రాబిన్సన్. ఆమె బ్యూటీపార్లరు నడిపే మనిషి. ఆమెకు దారి చూపింది సెప్టిమా క్లార్క్; హక్కుల సంఘంలో సభ్యత్వం వదులుకోనన్నందుకు 1956లో ఉపాధ్యాయ ఉద్యోగం పోయినావిడ. మనియార్డరు ఫారం నింపడం, సంతకం చేయడం, రాజ్యాంగం చదవడం: ఇవే అక్కడి పాఠాలు. 1961లో కింగ్ నాయకత్వంలోని సంస్థ ఈ బడుల కార్యక్రమాన్ని చేపట్టి దక్షిణాదిన విస్తరింపజేసింది.

ఈ రెంటిలోనూ దాతలు వేరు, గ్రహీతలు వేరు కాదు. సేవ చేసినవారూ పొందినవారూ ఒకే పేటవారు. ఆ సేవకు గమ్యం హక్కు. దానం ఆకలిని ఈ పూటకు ఆపుతుంది. ఇటువంటి సేవ ఆకలిని పుట్టించే ఏర్పాటును ఎదిరించడానికి మనిషికి బలమిస్తుంది. బిచ్చగాడికి నాణెం విసిరినంతమాత్రాన కరుణ పూర్తి కాదనీ, బిచ్చగాళ్ళను తయారుచేసే కట్టడాన్నే మార్చాలనీ కింగ్ 1967లో న్యూయార్క్ రివర్‌సైడ్ చర్చిలో చెప్పడంలోని ఆంతర్యమిదే.

ఆయన చివరి మజిలీ మెంఫిస్. 1968 ఫిబ్రవరి 1న ఇద్దరు పారిశుధ్య కార్మికులు చెత్తలారీ యంత్రంలో నలిగి చనిపోయారు. ఫిబ్రవరి 12న సుమారు 1,300 మంది సమ్మె కట్టారు. నగరానికి నిత్యం సేవచేసేవారే తాము మనుషులమని అట్టలు పట్టుకుని చెప్పవలసి వచ్చింది! వారికి బాసటగా వెళ్ళిన కింగ్‌ను ఏప్రిల్ 4న కాల్చి చంపారు. ఏప్రిల్ 16న నగరం వారి సంఘాన్ని గుర్తించి, జీతాలు పెంచడానికి ఒప్పుకున్నది.

కనుక సేవాదినాన బడిగోడకు రంగు వేసే విద్యార్థిని మనం ఎగతాళి చేయనక్కరలేదు. ఆ గోడే ఎందుకు పెచ్చులూడిందో, ఆ పేటకే డబ్బు ఎందుకు రాలేదో, కుంచె పట్టుకుని అతని పక్కనే నిలబడి అడుగుదాం.