వాక్యం ఎటు తిరుగుతోందో చూడు

తలుపు గడియ పెట్టు. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌కి కాస్త ఎడంగా ఉన్న వీధిలో మేడగది ఇది. బల్ల మీద ల్యాప్‌టాప్, పాస్‌పోర్టు, చిన్న వైట్‌బోర్డు, మార్కర్. జీఆర్‌ఈ ఇంట్లోంచే రాస్తున్నావు కనుక, ఎక్కడో కూర్చున్న పర్యవేక్షకుడికి నాలుగు గోడలూ బల్ల కిందా కెమెరాలో చూపించాలి. జుట్టు వెనక్కి తోసుకో, చెవులు కూడా కనబడాలి. కింద వాకిట్లో మీ అమ్మ ఎవరినో వారిస్తోంది: “నెమ్మదిగా మాటాడండి. మేడ మీద మా గుంట పరీచ్చ రాస్తంది.”

వ్యాసానికిచ్చిన 30 నిమిషాలూ అయిపోయాయి. తెర మారింది. వెర్బల్ మొదటి విభాగం: 12 ప్రశ్నలు, 18 నిమిషాలు.

మూడు ఖాళీల వాక్యం ఎదురైంది. మూడూ సరిగ్గా పడితేనే మార్కు. రెండు కుదిరి ఒకటి తప్పినా ఏమీ రాదు. మొదటి ఖాళీ దగ్గరే పట్టుబట్టి కూర్చోకు. మూడోది తేలిగ్గా ఉంది, ముందు అది నింపు. మిగతా రెండూ దారికొస్తున్నాయి చూడు.

తరవాతి వాక్యంలో ఒకటే ఖాళీ, కింద ఆరు మాటలు. ఒకే అర్థాన్నిచ్చే రెండింటిని ఏరాలి. సభల్లో గంటల తరబడి మాట్లాడే పెద్దమనిషి ఇంట్లో ఎలా ఉంటాడన్నది ప్రశ్న. ‘గార్రులస్’, ‘లొక్వేషస్’ కంటబడ్డాయి. రెండూ వాగుడుకి సంబంధించినవే, చక్కని జంట. చెయ్యి మౌస్ మీదికి పోతోంది. ఆగు. వాక్యం ‘ఆల్దో’తో మొదలైంది, అంటే రెండో సగం అడ్డం తిరగాలి. ఇంట్లో ఆయన నోరు విప్పడు. ‘టాసిటర్న్’, ‘రెటిసెంట్’. పెట్టేసి ముందుకు పద.

2011 ఆగస్టు దాకా ఈ పరీక్షలో వ్యతిరేక పదాలు విడిగా అడిగేవారు. లావుపాటి పదపట్టికలు వల్లెవేసిన కాలం అది. ఇప్పుడు మాట ఎప్పుడూ వాక్యంలోనే ఎదురవుతుంది. పదాలు తెలియాలి, నిజమే; కానీ వాక్యం ఏ మాటను కోరుతోందో పట్టుకోవడమే అసలు పని.

ఆ పని ఈ నేలకు కొత్త కాదు. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి, విజయనగరంలో గురజాడతో కలిసి చదువుకున్నారు. అప్పటికి లిపి లేని సవర భాషను ఆయన సవరల నోట విని నేర్చుకున్నారు. ఎవరు, ఎప్పుడు, ఏ సందర్భంలో అన్నారో గమనించి ఒక్కొక్క మాటా కూడబెట్టారు. ఆయన సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయింది.

ఇదిగో, పెద్ద పేరా వచ్చింది. విషయం నీకు బొత్తిగా తెలియనిది. కంగారు పడకు; జవాబులన్నీ ఆ పేరాలోనే ఉన్నాయి. రచయిత ఎవరి మాటను కాదంటున్నాడు? ఏ ఆధారం చూపిస్తున్నాడు? రెండు ముక్కలు వైట్‌బోర్డు మీద గీసుకో. నీకు నచ్చిన జవాబు కాదు, పేరా ఒప్పుకునే జవాబు ఎంచు.

రెండో విభాగం: 15 ప్రశ్నలు, 23 నిమిషాలు. ఇవి మరీ ముదురుగా ఉన్నాయా? మంచిదే. మొదటి విభాగం బాగా చేసినవాళ్లకే కష్టమైనవి ఇస్తారు. తప్పుకు మార్కులు కొయ్యరు కనుక ఒక్కటీ ఖాళీగా వదలకు.

“లెక్కలు గట్టిగా చేస్తే చాలు, వెర్బల్ వదిలెయ్” అని సీనియర్లు చెప్పే ఉంటారు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్లలు ఆ మాట నమ్మి, ముందే చేతులెత్తేస్తారు. అలా చెయ్యకు. ఈ స్కోరు 130 నుంచి 170 లోపల ఎక్కడో ఆగుతుంది, అయిదేళ్లకు చెల్లిపోతుంది. చదువు మాత్రం ఆగదు. ఎమ్మెస్‌లో చేరాక ప్రతి రాత్రీ పరిశోధన పత్రాలు చదవాలి. ఎవరు ఏమంటున్నారో, ఎక్కడ కాదంటున్నారో అక్కడా ఇలాగే పట్టుకోవాలి. అందుకే రోజూ ఒక మంచి ఇంగ్లీషు వ్యాసం తీరిగ్గా చదువు, రచయితతో వాదించు. ఆ అలవాటు పరీక్ష కన్నా చాలాకాలం నీకు అక్కరకొస్తుంది.