హైదరాబాద్ ప్రాంతంలో చీతా

చీతా నేలమీద అన్నిటికన్నా వేగంగా పరుగెత్తే జంతువు. ఒకప్పుడు దక్కన్ బీళ్లలో కూడా తిరిగిన ఆసియా చీతా ఇప్పుడు ఇరాన్‌లోనే, అదీ వేళ్లమీద లెక్కపెట్టేటన్ని మిగిలింది. శంషాబాద్ విమానాశ్రయంలోనో, పటాన్‌చెరు ఇక్రిశాట్ పొలాల్లోనో బోనులో పడి వార్తల్లోకెక్కేది చిరుతపులి. చిరుతకూ చీతాకూ ఒంటిమీది మచ్చలే పోలిక.

చీతాకు ప్రధానమైన ఆహారం కృష్ణజింక. ఆ జింకలు చేలమీద పడితే ఏమవుతుందో నేటి నారాయణపేట జిల్లా రైతులకు బాగా తెలుసు. మేకనో గొర్రెనో ఎత్తుకుపోతే తప్ప రైతుకు చీతాతో పెద్ద పేచీ ఉండే అవకాశం లేదు. అయితే బీళ్లు దున్నకంలోకి వచ్చేకొద్దీ దాని తావు కుంచించుకుపోయింది.

అసలు దెబ్బ తీసింది రాజుల వేట సరదా. తల్లి దగ్గర వేట నేర్చిన పెద్ద చీతానే ఉచ్చు వేసి పట్టేవారు. పిల్లగా దొరికినది పనికిరాదని వేటగాళ్ల అనుభవం. కళ్లకు గంతలు కట్టి, మనుషులకు మచ్చిక చేసి, ఎద్దుబండిమీద జింకల మంద దాకా తీసుకెళ్లేవారు. బండ్లకు అలవాటుపడిన జింకలు బెదిరేవి కావు. గంత విప్పగానే చీతా దూకేది. జింక పడ్డాక దాని నెత్తురో మాంసం ముక్కో చూపి మరిపించి, మళ్లీ గంత కట్టేవారు. ఆరో నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు లాలా దీన్‌దయాళ్ వేట చీతాలను ఫొటోలు తీశారు. నిజాముల వేటభూమిలో కొంత 1975లో వనస్థలిపురం పక్కన కృష్ణజింకల అభయారణ్యమైంది.

బందీగా ఉన్న చీతా అప్పట్లో దాదాపు ఈనేది కాదు. చచ్చినదాని స్థానంలో మరొకదాన్ని అడవి నుంచి తేవలసి వచ్చేది. దర్బారుల ముచ్చట ఇలా అడవిని ఖాళీ చేసింది. చివరికి కొన్ని సంస్థానాలు ఆఫ్రికా నుంచి దిగుమతి చేసుకున్నాయి.

1880లో విజయనగరం రాజావారి వేట చీతా దాడిలో విశాఖపట్నంలోని గవర్నర్ ఏజెంటు ఓ.బి. ఇర్విన్ మరణించాడు. భారతదేశంలో చీతా మనిషిని చంపినట్టు ప్రసిద్ధికెక్కిన ఘటన ఇదొక్కటే, అదీ పెంపుడు జంతువు చేసింది. చిత్తూరు జిల్లాలో చీతా కనిపించిందన్న కథనం 1952లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వచ్చింది. ఆ ఏడాదే దేశంలో చీతా అంతరించినట్టు ప్రకటించారు.

తర్వాతి కథ ప్రయోగశాలది. 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ ఆసియా చీతాను క్లోనింగ్‌తో పుట్టించాలనుకుంది. జంటనైనా, కణాలనైనా ఇవ్వమని అడిగితే ఇరాన్ ఒప్పుకోలేదు. 2013లో సౌదీ యువరాజు కానుకగా చీతాలు హైదరాబాద్ నెహ్రూ జూకు వచ్చాయి. వాటిలో హీబా 2020లో, అబ్దుల్లా 2023లో చనిపోయాయి. ఆసియా, ఆగ్నేయ ఆఫ్రికా చీతాలు విడిపోయింది అంతకుముందు అనుకున్నట్టు 5,000 ఏళ్ల కిందట కాదు, 50,000 నుంచి లక్ష ఏళ్ల కిందటని సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న 2020 నాటి డీఎన్‌ఏ అధ్యయనం తేల్చింది. 2022లో మధ్యప్రదేశ్‌లోని కునోకు నమీబియా నుంచి తెచ్చిన ఎనిమిదీ ఆఫ్రికా చీతాలే.