దుమ్ముగూడెం లాకులు, కొయ్యపడవలు

భద్రాద్రి రాముని సేవించి మరలు యాత్రికులలో, కొంత ఎగువనున్న దుమ్ముగూడెం చూచువారు కొద్దిమంది. అచ్చట గోదావరికి రాతిపరుపు అడ్డము. నీరు తగ్గిన కాలమున పడవ దానిని దాటజాలదు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ దొర మధ్యపరగణాల ప్రత్తిని ఈ నదిమీదుగానే సముద్రమునకు చేర్పదలచినాడు. అట్టి అవరోధములు మూడు. మొదటిదైన దుమ్ముగూడెం వద్ద ఆనకట్ట, ప్రక్కకాలువ, లాకులు వెలసినవి. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము రేగి లాంకషైరు మిల్లులకు ప్రత్తి కరవు కాగా ఈ మార్గముపై ఆశ పెరిగినది. 1865లో యుద్ధము ముగిసినది. 1867లో బొంబాయి రైలు నాగపూరు చేరినది. 1871లో పథకమునే విడిచిరి.

లాకు రాతికట్టడము; పడవ కొయ్య. గట్టున ఎండకు విడిచిన పడవ పలకలు ముడుచుకొని సందులు విచ్చును. బాగుచేయువారు పుచ్చిన పలకలను మాత్రమే తీసి, ఆ వంపునకే క్రొత్తవి అమర్చి, సందులలో నార కూరి గుగ్గిలము పట్టించి, నీటిలో దింపవలెను. నానిన పలక ఉబ్బి తన సందును తానే బిగించుకొనును. కావున పాత పడవకు రంగుపూసి ప్రదర్శనశాలలో ఎండబెట్టుట రక్షణయని మేము ఒప్పుకొనము. (రంగు ఎవరైనను పూయగలరు!) పడవను ఉద్ధరింపదలచినవారు కాలువ పూడికను, లాకు తలుపులను గూడ పట్టించుకొనవలెను. ఇంగ్లండులో కెన్నెట్-ఏవన్ కాలువ విషయమున అట్లే జరిగినది. స్వచ్ఛందసేవకులు ఏండ్లతరబడి శ్రమింపగా అది 1990లో మరల తెరువబడి, పడవలకు తిరుగ దారి యిచ్చినది.